కథా, ఆటా? ఇంటరాక్టివ్ ఫిక్షన్ నిర్వచనం ఎందుకు తెగదు

క్లుప్తంగా: కథ ఎటు నడవాలో చదువరి చేత చెప్పించే కంప్యూటర్ రచనలను ఇంటరాక్టివ్ ఫిక్షన్ అంటున్నారు. ఇందులో ఏవి చేరతాయి, ఏవి చేరవు అన్న తగాదా దశాబ్దాలుగా తగ్గుతూ, మళ్లీ రాజుకుంటూ ఉంది. కొత్త పరికరమో కొత్త తరం రచయితలో వచ్చినప్పుడల్లా, వాళ్ల దగ్గర లేని లక్షణమే అసలు లక్షణమని పాతవాళ్లు పట్టుబట్టడం దీని వరస. బహుమతి ఒక్కటే ఉన్న చోట తగాదా ముదురుతుంది. ఒకే రచనకు నాలుగు పేర్లు తగిలించగల చోట చల్లబడుతుంది.

2018 డిసెంబరు 28న నెట్‌ఫ్లిక్స్‌లో ‘బ్లాక్ మిరర్: బాండర్‌స్నాచ్’ విడుదలైంది. బొమ్మ నడుస్తూ ఉండగా తెర అడుగున రెండు మాటలు కనిపిస్తాయి. పది సెకన్ల లోపు ప్రేక్షకుడు వాటిలో ఒకటి నొక్కాలి. మొదటి ఎంపిక చాలా చిన్నది: కథానాయకుడు పొద్దున్నే పాలల్లో కలుపుకునే రెండు రకాల అల్పాహారాల్లో ఏది తినాలి? అక్కడి నుంచి ఎంపికల బరువు పెరుగుతూ పోతుంది.

తర్వాతి తొమ్మిది నెలల్లో దీన్ని ముగ్గురు మూడు రకాలుగా చూశారు. 2019 జనవరిలో, కథ దారిని చదువరే ఎంచుకునే ‘చూజ్ యువర్ ఓన్ అడ్వెంచర్’ అనే పిల్లల పుస్తకాల హక్కుదారైన చూజ్‌కో కంపెనీ, తమ ట్రేడ్‌మార్కును అనుమతి లేకుండా వాడుకున్నారని దావా వేసింది. మే నెలలో అమెరికాలోని సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచయితల సంఘం తన నెబ్యులా పురస్కారాల్లో కొత్తగా పెట్టిన గేమ్ రచన బహుమతిని దీనికే ఇచ్చింది. సెప్టెంబరులో ఎమ్మీ పురస్కారాల్లో ఇది ఉత్తమ టెలివిజన్ సినిమాగా నిలిచింది. ఒకే వస్తువు ఒక చోట ఆట, ఒక చోట సినిమా, ఇంకో చోట పుస్తకాల పేరు మీద వచ్చిన పేచీ. నెబ్యులాలో దీనితో పోటీపడి ఓడినవాటిలో చాయిస్ ఆఫ్ గేమ్స్ సంస్థ రచనలు కూడా ఉన్నాయి. అవి కెమెరా జోలికి పోకుండా మాటలతోనే నడిచేవి. వాటి రచయితలకు ఈ ఫలితం వింతగా తోచి ఉంటే ఆశ్చర్యం లేదు.

చూజ్‌కో దావా 2020లో రాజీతో ముగిసింది. వర్గీకరణ సంగతి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. అది కొత్తదీ కాదు.

పేరు ముందు, అర్థం తర్వాత

ఈ రంగానికి మూలపురుషుడిగా చెప్పుకొనేది ‘అడ్వెంచర్’ అనే ప్రోగ్రామ్. 1975–76 ప్రాంతంలో విల్ క్రౌథర్ అనే ప్రోగ్రామర్, తాను తిరిగిన కెంటకీలోని మామత్ గుహలను గుర్తు చేసుకుంటూ దీన్ని పీడీపీ-10 కంప్యూటర్ మీద రాశాడు. 1977లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన డాన్ వుడ్స్ దాన్ని పెంచి పెద్దది చేశాడు. అదే కాలంలో ఎంఐటీ విద్యార్థులు అలాంటిదే ‘జార్క్’ అనే ఆట మొదలుపెట్టారు. ఆ బృందం నుంచే 1979లో ఇన్ఫోకామ్ కంపెనీ పుట్టింది. అప్పటికి వీటిని అందరూ అడ్వెంచర్ గేమ్‌లు అనే అనేవారు.

‘ఇంటరాక్టివ్ ఫిక్షన్’ అన్న మాటను దాదాపు అప్పుడే రాబర్ట్ లఫోర్ అనే అమెరికన్ తన ప్రోగ్రామ్‌లకు పెట్టుకున్నాడు. ఆయన తీరు వేరు. తెర మీద కథ నడుస్తుంది, పాత్ర ఒక ప్రశ్న వేస్తుంది, చదువరి తనకు తోచిన జవాబు టైపు చేస్తాడు, ప్రోగ్రామ్ అందులో కొన్ని కీలక పదాల కోసం వెతుకుతుంది. గుహలూ లేవు, నిధులూ లేవు. ఈ పేరును తర్వాత ఇన్ఫోకామ్ తన పెట్టెల మీద వేసుకుని ప్రచారంలోకి తెచ్చింది. పుస్తకాల దుకాణాల్లో కూడా తమ సరుకు అమ్ముకోవాలనుకున్న కంపెనీకి ‘ఆట’ కంటే ‘ఫిక్షన్’ గౌరవంగా వినిపించింది. బ్రిటన్‌లో మాత్రం జనం ‘టెక్స్ట్ అడ్వెంచర్’ అనే మాటనే పట్టుకుని ఉన్నారు.

అంటే ఈ పేరు మొదట్లో వర్ణన కాదు, వ్యాపార నామం. లక్షణాలను చూసి పెట్టింది కాదు గనుక, లక్షణాలను బట్టి దాన్ని నిర్వచించబోతే మొదటి నుంచీ ఎక్కడో ఒక చోట చిరుగుతూనే ఉంది. ఇన్ఫోకామ్‌ను 1986లో యాక్టివిజన్ కొనుక్కుంది, 1989లో మూసేసింది. కంపెనీ పోయినా పేరు నిలిచింది. 1987లో వచ్చిన టాడ్స్, 1993లో గ్రాహమ్ నెల్సన్ తెచ్చిన ఇన్ఫార్మ్ అనే, ఇలాంటి రచనలు తయారు చేసే సాఫ్ట్‌వేర్ పరికరాలతో, డబ్బు ఆశించకుండా రాసే ఔత్సాహికులు దాన్ని తమ పేరుగా చేసుకున్నారు. అప్పటి నుంచి అది ఒక రకం రచనకు పేరు, ఒక బృందానికి కూడా పేరు. ఈ జంట అర్థాన్ని గుర్తుపెట్టుకుంటే తర్వాతి తగాదాలు సగం అర్థమవుతాయి.

ఒక దీపం కథ

యంత్రం లోపల ఏం జరుగుతుందో చూడకుండా ఈ చర్చ అందదు. ‘అడ్వెంచర్’లో రోడ్డు చివర ఒక చిన్న ఇటుకల ఇల్లు ఉంటుంది, అందులో ఒక ఇత్తడి దీపం. ఆడేవాడు ‘గెట్ ల్యాంప్’ అని టైపు చేస్తాడు. ప్రోగ్రామ్‌లో పార్సర్ అనే భాగం ఆ రెండు మాటలను విడదీసి, ఒకటి క్రియ, ఒకటి వస్తువు అని గుర్తుపడుతుంది. తర్వాత లోపలి లెక్కలో దీపం చిరునామా ‘ఇల్లు’ నుంచి ‘ఆడేవాడి చేయి’కి మారుతుంది. ఆ దీపాన్ని ఏ గుహలోనైనా కింద పెట్టవచ్చు. యాభై ఆదేశాల తర్వాత తిరిగివచ్చి చూస్తే అక్కడే ఉంటుంది. వెలిగిస్తే బ్యాటరీ ఖర్చవుతుంది, అయిపోతే చీకట్లో గోతిలో పడాల్సిందే. గదులు, వస్తువులు, వాటి స్థితులు అన్నీ కలిసిన ఈ లెక్కనే ప్రపంచ నమూనా అంటారు. 2003లో ఈ రంగం మీద పూర్తి స్థాయి పుస్తకం తెచ్చిన నిక్ మాంట్‌ఫర్ట్ దృష్టిలో ఇంటరాక్టివ్ ఫిక్షన్‌కు రెండు కాళ్లు: పార్సర్, ప్రపంచ నమూనా.

ఇప్పుడు ట్వైన్‌తో రాసిన కథలో అదే దీపాన్ని ఊహిద్దాం. క్రిస్ క్లైమస్ 2009లో విడుదల చేసిన ఈ పరికరంలో ఒక మాటను జంట చదరపు బ్రాకెట్ల మధ్య పెడితే అది లింకు అయిపోతుంది. ‘బల్ల మీద దీపం ఉంది’ అన్న వాక్యంలో ‘దీపం’ నొక్కితే తర్వాతి పేరా వస్తుంది. దీపం ఎక్కడ ఉందో యంత్రానికి తెలియదు. రచయిత కావాలనుకుని ఒక గుర్తు పెట్టుకుంటే తప్ప అది వస్తువే కాదు, మాట మాత్రమే. అందుకు బదులుగా ప్రోగ్రామింగ్ రానివాళ్లు కూడా ఒక సాయంత్రంలో కథ కట్టేయగలరు.

రెండు పద్ధతులకూ వాటి ఖర్చులు వాటికి ఉన్నాయి. పార్సర్‌లో ఆడేవాడు ఏదైనా టైపు చేయవచ్చనిపిస్తుంది, కానీ నూటికి ఎన్నో మాటలకు ‘అది అర్థం కాలేదు’ అన్న జవాబే వస్తుంది. లింకుల కథలో ఆ నిరాశ లేదు, ఎంపికలన్నీ కళ్ల ముందే ఉంటాయి. అయితే ప్రతి మలుపులో రెండు దారులు పెట్టి వేటినీ కలపకపోతే పది మలుపులకే 1,024 ముగింపులు రాయాల్సి వస్తుంది. కాబట్టి విడిపోయిన దారులను రచయితలు మళ్లీ మళ్లీ కలిపేస్తారు. చదివేవాడికి తెలియకుండా కలపడంలోనే ఉంది పనితనమంతా.

లేనిదే లక్షణం అయిన మూడు సందర్భాలు

1998లో ఆడమ్ కేడర్ రాసిన ‘ఫోటోపియా’ ఈ రంగంలోని ప్రధాన వార్షిక పోటీ ఐఎఫ్‌కాంప్‌లో మొదటి స్థానం పొందింది. అందులో పార్సర్ ఉంది, గదులు ఉన్నాయి. పజిళ్లు మాత్రం లేవన్నట్టే ఉన్నాయి. చిక్కుముడి విప్పకుండా ముందుకు పోయే దాన్ని ఆట అనవచ్చా అన్నది అప్పటి వాదన. అంతకు ముందే 1985లో ఇన్ఫోకామ్ తెచ్చిన ‘ఎ మైండ్ ఫరెవర్ వాయేజింగ్’లోనూ పజిళ్లు చాలా తక్కువ. కానీ అది మార్కెట్లోకి వచ్చిన సరుకు, కొంటే కొన్నారు, లేకపోతే లేదు. ఫోటోపియా పోటీలో గెలిచింది. తేడా అంతా అక్కడే ఉంది.

తెలుగు పాఠకులకు ఇలాంటి వాదన పరిచయమే. ఛందస్సు లేనిది కవిత్వమా అన్న ప్రశ్న వచన కవిత విషయంలో ఎన్నేళ్లు నలిగిందో తెలిసిందే. అక్కడ ఛందస్సుకు ఉన్న స్థానం ఇక్కడ పజిల్‌కు ఉండేది. అది కౌశలానికి రుజువు, లోపలికి రావడానికి టికెట్టు కూడా.

రెండోసారి తగాదా 2012 ప్రాంతంలో లేచింది, చాలా గట్టిగా. పోర్పెంటైన్ రాసిన ‘హౌలింగ్ డాగ్స్’ వంటి ట్వైన్ రచనలు ఐఎఫ్‌కాంప్‌లోకి వచ్చాయి. ఆనా ఆంత్రోపీ వంటివారు ఆటలు తయారు చేయడం ప్రోగ్రామర్ల సొత్తు కాదని అదే సమయంలో వాదిస్తున్నారు. ఈ అల మీద వచ్చినవాళ్లలో చాలామంది ట్రాన్స్‌జెండర్, క్వీర్ రచయితలు. వాళ్ల వస్తువు గుహలూ నిధులూ కాదు. శరీరం, ఒంటరితనం, అనారోగ్యం. పజిల్ గురించి వాదించినవాళ్లు కూడా ఇప్పుడు పార్సర్ గురించి మాట్లాడడం మొదలుపెట్టారు. ఫోటోపియాను మనస్ఫూర్తిగా సమర్థించి, ట్వైన్‌ను బయట నిలబెట్టాలంటే పార్సరే అసలు లక్షణం కావాలి మరి. రూపం గురించిన ప్రశ్నతో పాటు ‘ఇది ఎవరి ఇల్లు’ అన్న ప్రశ్న కూడా ఇక్కడ నడిచింది. రెండింటినీ విడదీయకుండా మాట్లాడుకోవడం వల్లనే చర్చ అంత చేదుగా మారింది.

మూడోది ఇంకా నడుస్తోంది. 2019లో నిక్ వాల్టన్ విడుదల చేసిన ‘ఏఐ డంజన్’లో ఆడేవాడు ఏమైనా టైపు చేయవచ్చు, భాషా నమూనా అనే, వాక్యాలు తానే రాసే కృత్రిమ మేధ దానికి తగ్గట్టు కథ అల్లుతుంది. ‘అర్థం కాలేదు’ అన్న మాటే రాదు. పార్సర్ అభిమానులు దశాబ్దాలుగా కోరుకున్నది ఇదే కదా అనిపిస్తుంది. కానీ ఇక్కడ ‘దీపం తీసుకున్నాను’ అంటే, లేని దీపం కూడా చేతిలోకి వచ్చేస్తుంది. జేబులోంచి ఫిరంగి తీశానన్నా కాదనదు. పది పేరాల తర్వాత ఆ దీపం ఏమైందో మర్చిపోనూవచ్చు. ఇన్నేళ్లూ టైపు చేయడమే లక్షణమన్న నిర్వచనాన్ని ఈ యంత్రం సునాయాసంగా దాటేస్తోంది. దాంతో వాదన పక్కకు జరిగింది: రచయిత ముందే ఆలోచించి పెట్టిన నిర్మాణం ఉంటేనే అది ఇంటరాక్టివ్ ఫిక్షన్ అంటున్నారు. పార్సర్ వర్గమూ ట్వైన్ వర్గమూ ఈ ఒక్క విషయంలో ఒకే వైపు నిలబడే అవకాశం ఏర్పడింది. ఫిరంగిని చూసి పాత శత్రువులు చేతులు కలిపినట్టుగా ఉంది.

పోటీ నిబంధనలే నిర్వచనాలైన చోట

ఐఎఫ్‌కాంప్ 1995లో మొదలైనప్పుడు విభాగాలు రెండు: ఇన్ఫార్మ్‌తో రాసినవి, టాడ్స్‌తో రాసినవి. అంటే తొలి వర్గీకరణ పరికరాన్ని బట్టే జరిగింది. కథను బట్టీ కాదు, ఆట తీరును బట్టీ కాదు. మరుసటి ఏడాదే రెండింటినీ కలిపేశారు. అప్పటి నుంచి అన్ని రచనలకూ ఒకే జాబితా, ఒకే ర్యాంకుల వరస. ఓటు వేయడానికి ప్రత్యేక అర్హత అక్కర్లేదు. ఒక్కో రచనను గరిష్ఠంగా రెండు గంటలు ఆడి, ఒకటి నుంచి పది దాకా మార్కు వేయాలి.

ఈ ఏర్పాటులో నిర్వచనం ఎలా పనిచేస్తుందో చూడండి. పజిళ్ల కోసం వచ్చిన ఓటరు పదిహేను నిమిషాల్లో ముగిసిపోయే కవితాత్మక లింకుల కథకు మూడు మార్కులు వేస్తాడు. అది చెడ్డ రచన అని కాదు, తాను ఎదురుచూసింది కాదని. లింకుల కథల పాఠకుడు నలభై నిమిషాలు తలుపు తాళం దగ్గర ఇరుక్కుపోయి, పార్సర్ ఆటకు అదే పని చేస్తాడు. ఇద్దరూ తమ ఇష్టాన్ని చెబుతున్నారు, మార్కుల పట్టిక మాత్రం దాన్ని నాణ్యతగా అచ్చు వేస్తుంది. ట్వైన్ పోటీని మింగేస్తుందన్న భయం ఎంతగా వినిపించినా, మొదటి బహుమతులు 2013, 2014, 2015 సంవత్సరాల్లో వరుసగా పార్సర్ రచనలకే దక్కాయి. 2022లో బ్రెండన్ పాట్రిక్ హెనెసీ రాసిన ఎంపికల కథ గెలిచింది. 2020 విజేత అయిన లీనస్ ఓకెసన్ రచన ‘ది ఇంపాసిబుల్ బాటిల్’ను మొత్తం టైపు చేసి ఆడవచ్చు, మొత్తం లింకులు నొక్కి కూడా ఆడవచ్చు. దాన్ని ఏ గడిలో పెట్టాలో చెప్పమంటే రెండు వర్గాలూ తల గోక్కోవాల్సిందే.

ఇతర పోటీలు వేరే దారులు పట్టాయి. 2015లో పార్సర్ రచనలకు మాత్రమే ప్రత్యేకంగా పార్సర్‌కాంప్ వచ్చింది. అదే ఏడాది స్ప్రింగ్ థింగ్ అనే ఉత్సవం ర్యాంకులు మానేసి, పాఠకులు తమకు నచ్చిన రచనలకు రిబ్బన్లు ఇచ్చే పద్ధతికి మారింది. మొదటి దారి గోడ కట్టడం, రెండోది పందెం తీసేయడం. రెండో దాంట్లో ‘ఇది అసలు మన రకమేనా’ అన్న ప్రశ్నకు పని తగ్గింది, ఎందుకంటే ఒకరి గెలుపు ఇంకొకరి ఓటమి కాదు.

పండితుల నిర్వచనాలు ఈ గొడవలో పెద్దగా అక్కరకు రాలేదు. నార్వేకు చెందిన ఎస్పెన్ ఆర్సెత్ 1997లో అసలు ‘ఇంటరాక్టివ్’ అన్న మాటే డొల్ల అన్నాడు. దాని బదులు, చదవడానికి పాఠకుడు కళ్లు కదపడానికి మించి శ్రమ చేయాల్సిన రచనలన్నిటినీ ‘ఎర్గోడిక్’ అన్నాడు. చైనా వారి ప్రాచీన జోస్య గ్రంథం ఐ చింగ్ నుంచి కంప్యూటర్ ఆటల దాకా అన్నీ అందులో ఇమిడాయి. అంత వెడల్పు వలలో పింగళి సూరన ‘రాఘవపాండవీయం’ కూడా పడేటట్టుంది. ఒకే పద్యాన్ని ఒక తీరున విరిచి రామకథగా, మరో తీరున విరిచి భారతకథగా చదవడం చిన్న శ్రమేమీ కాదు. ఆలోచించడానికి ఇది చక్కటి భావన. పోటీకి వచ్చిన ఎంట్రీని తీసుకోవాలో వద్దో తేల్చుకోవాల్సిన నిర్వాహకుడికి మాత్రం దీనితో ఒరిగేదేమీ లేదు.

కీబోర్డు లేని దారి

ఇంగ్లీషు లోకంలో తాత్విక సమస్యగా కనిపించినది జపాన్‌లో యంత్రసామగ్రి సమస్యగా తీరిపోయింది. యుజి హోరీ 1983లో ఇంటి కంప్యూటర్ల కోసం చేసిన ‘పోర్టోపియా’ అనే హత్యా పరిశోధన ఆటలో ఆదేశాలు టైపు చేయాలి. 1985లో దాన్ని ఫామికామ్ అనే గేమ్ యంత్రానికి మార్చేటప్పుడు కీబోర్డు లేదు, చేతిలో కొన్ని బటన్ల కంట్రోలర్ మాత్రమే ఉంది. అందుకని ‘వెతుకు’, ‘అడుగు’, ‘చూపించు’ వంటి ఆదేశాలను పట్టికగా పెట్టి ఎంచుకోమన్నారు. పార్సర్ పోయింది, ఎవరూ సంతాప సభ పెట్టలేదు. ఆ బాటలోనే 1992లో చున్‌సాఫ్ట్ కంపెనీ శబ్దాలతో చదివించే ‘సౌండ్ నవల’ తెచ్చింది, తర్వాత బొమ్మలతో చదివించే విజువల్ నవలలు పెద్ద పరిశ్రమే అయ్యాయి. అక్కడ ‘నవల’, ‘అడ్వెంచర్ గేమ్’ అన్న మాటలు ఒకే పెట్టె మీద పక్కపక్కనే సర్దుకున్నాయి.

తెలుగులో టైపు చేస్తే

పార్సరే అసలు లక్షణం అనే నిర్వచనం వెనుక ఇంగ్లీషు వ్యాకరణం నిశ్శబ్దంగా కూర్చుని ఉంది. ‘గెట్ ల్యాంప్’లో క్రియ ముందు వస్తుంది, నామం ఏ మార్పూ లేకుండా వెనక వస్తుంది, ఆజ్ఞార్థకానికి వేరే రూపం లేదు. ఇదే తెలుగులో అయితే ఆడేవాడు ‘దీపం తీసుకో’ అనవచ్చు, ‘దీపాన్ని తీసుకో’ అనవచ్చు, ‘తీసుకుంటాను’ అని తన తరఫున చెప్పుకోవచ్చు, మర్యాదస్తుడైతే ‘తీసుకోండి’ అనవచ్చు. ‘ఇల్లు’ అన్న వస్తువును ప్రోగ్రామ్‌లో పెట్టుకుంటే ‘ఇంట్లోకి వెళ్లు’లో ఆ మాట గుర్తుపట్టరాకుండా మారిపోతుంది. ‘చేయి’ కాస్తా ‘చేత్తో’ అవుతుంది. విభక్తులనూ సంధులనూ విప్పుకుంటూ వెళ్లే పార్సర్ కట్టలేనిది కాదు. ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, ఇటాలియన్ భాషలకు ఇన్ఫార్మ్‌ను మలుచుకున్నవాళ్లు ఉన్నారు. కానీ ఇంగ్లీషు రచయితకు ఉచితంగా దొరికేదాన్ని తెలుగు రచయిత కష్టపడి సంపాదించుకోవాలి. పైగా యంత్రం ఆడేవాణ్ని ‘నువ్వు’ అనాలా, ‘మీరు’ అనాలా అన్నది మొదటి వాక్యంలోనే తేల్చుకోవాలి.

ట్వైన్‌కు ఈ బెడద లేదు. యూనికోడ్‌లో ఉన్న ఏ లిపి అయినా దానికి ఒకటే, లింకు నొక్కడానికి వ్యాకరణం అక్కర్లేదు. కాబట్టి తెలుగులో ఇలాంటి రచనలు ఎవరైనా చేపడితే లింకుల దారిన వెళ్లడమే సులువు. పార్సర్ లేనిది లెక్కలోకి రాదన్న నిర్వచనం ఆచరణలో కొన్ని భాషలకు తలుపు సగం మూసినట్టే.

ఇంకో చిన్న సంగతి. కథా, ఆటా అన్న ప్రశ్న తెలుగులో అంత పదునుగా తెగదు. తోలుబొమ్మలాట కథే చెబుతుంది, పేరు ఆట. సినిమాకు వెళ్లేవాళ్లు నిన్నమొన్నటి దాకా ‘మొదటి ఆట’కు, ‘రెండో ఆట’కు వెళ్లేవారు.

ఇప్పుడు జరుగుతున్నది

అమ్మకాల వేదికల్లో తగాదా కొంత మెత్తబడింది. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో ఒకే రచనకు ఇంటరాక్టివ్ ఫిక్షన్, విజువల్ నవల, టెక్స్ట్ ఆధారితం అన్న మూడు ట్యాగులూ తగిలించవచ్చు. పుస్తకాల అల్మారాలో పుస్తకం ఒక్క చోటే నిలబడుతుంది, ట్యాగులకు ఆ ఇబ్బంది లేదు. కొనేవాడికి కావాల్సింది సారాంశ నిర్వచనం కాదు, తాను టైపు చేయాలా, నొక్కాలా, ఎంతసేపు పడుతుంది అన్న సమాచారం.

బహుమతులు ఇచ్చేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. ఒక విభాగం, ఒక విజేత అన్న పద్ధతి ఉన్నంతకాలం ఎవరో ఒకరు గీత గీయాల్సిందే. ఇప్పుడు ఆ గీత పడబోయే చోటు మారుతోంది. చదువరి చేసే పని ఏమిటన్నది నలభై ఏళ్లుగా తరచి చూశారు. రచయిత చేసిన పని ఎంత అన్నది ఇకపై తరచి చూడాల్సి వస్తుంది: వాక్యాలు యంత్రం రాసి నిర్మాణం మనిషిదైతే? నిర్మాణం యంత్రానిదై వాక్యాలను మనిషి దిద్దితే? పార్సర్ ఉందో లేదో తెర చూస్తే తెలిసిపోయేది. ఇది తెర మీద కనబడదు, రచయిత చెబితేనే తెలుస్తుంది.